టైఫాయిడ్ అని చెప్పాం

బిడ్డ మేలు కోరి ఆడిన అబద్ధాన్ని దేవుడు మన్నిస్తాడా అని పదేళ్ళుగా ఆమెకు ఒకటే అనుమానం. కూతురికి రక్త క్యాన్సరు వచ్చి నయమైన సంగతిని అత్తగారు గడప దాటనివ్వలేదు. "ఎవరడిగినా టైఫాయిడ్ అని చెప్పు. లేకపోతే రేపు దాన్నెవడు చేసుకుంటాడే?" అంది. "అయినా ఆ రక్తం మీ వైపుదే" అని భర్త ఒక ముక్క కలిపాడు. నెలల తరబడి ఆసుపత్రిలో బిడ్డ వాంతులు దోసిట పట్టింది ఆమె. ఆదివారాలు పళ్ళు తెచ్చి, పేపరు చదువుకుని వెళ్ళేవాడు ఆయన.

ఆ ఉదయం యూనిఫారాలు కుట్టే షెడ్డులో పక్క మిషను అమ్మాయి, సగం కుట్టిన చొక్కా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఆ అమ్మాయి పాపకూ అదే జబ్బు.

"ఇంక వైద్యం చాలు, ఇంటికి తెచ్చెయ్యమంటోంది మా అత్త. ఆడపిల్ల కోసం ఇల్లు గుల్ల చేసుకుంటామా అని. ఇదొచ్చి బతికిన పిల్లలు మీకెవరైనా తెలుసా అక్కా?"

"నాకెలా తెలుస్తుందమ్మా?"

నోటికి అలవాటైన అబద్ధం, ఆగకుండా వచ్చేసింది. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని, "అంతేలే" అంటూ మిషను తొక్కింది. ఈమె మాత్రం తలెత్తలేకపోయింది. కాలరు తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ తిరగేసే కుట్టింది. "ఏంటమ్మా, ఇది వీపుకి తొడుక్కోవాలా?" అని సూపర్వైజరు అంటే అందరూ నవ్వారు. పదేళ్ళ క్రితం తన బిడ్డ జుట్టంతా రాలి, ఇక ఆపేద్దామని తనూ సంచి సర్దుకున్న నాడు, ఒక పెద్దావిడ ఎదిగిన కొడుకుని వెంటబెట్టుకుని వార్డులోకి వచ్చింది. "చూడు తల్లీ, వీడూ ఈ మంచం మీదే పడుకున్నాడు" అంది. చేతులు జోడిస్తే, "నాకెందుకు దండాలు? రేపు నీ పిల్లని ఇంకో తల్లికి చూపించు, చాలు" అంది. దేవుడి మొక్కులన్నీ ఈమె తీర్చుకుంది. ఇదొక్కటే మిగిలింది.

సాయంత్రం కూతురికి అంతా చెప్పింది. "నీకిష్టం లేకపోతే వద్దులే."

"టైఫాయిడ్ అయితే ఏటా ఆ రక్తపరీక్షలు దేనికమ్మా? నాకెప్పుడో తెలుసు. పద."

"ఇద్దరూ ఎక్కడికే ఊరేగింపు?" వంటింట్లోంచి అత్తగారు.

"ఒక మొక్కుంది అత్తయ్యా."

పక్క మిషను అమ్మాయి ఇంటి గుమ్మం పక్కన ఆసుపత్రి సంచి ఉతికి ఆరేసి ఉంది. లోపల గుండుతో పాప నిద్రపోతోంది.

"ఏంటక్కా, ఇలా వచ్చారు?"

"పొద్దున నీతో అబద్ధమాడాను." కూతురి భుజం మీద చెయ్యి వేసింది. "ఇది మా అమ్మాయి. మీ పాపకొచ్చిందే దీనికీ వచ్చింది. మీ అత్తగారిని పిలువమ్మా, ఆవిడా చూస్తుంది."