పొట్ట తోలు, వీపు తోలు

వనపర్తిలో ట్రాక్టరు సీటు చిరిగినా, జీపు సీటు కుంగినా, ఆటో టాపు గాలికి ఎగిరిపోయినా ప్రభుదాసు దుకాణానికే రావాలి. పద్దెనిమిదేళ్లుగా అదే తీరు. రెగ్జిను ఏ రంగుదైనా సరే, అతని కత్తెర కింద అంగుళం వృథా పోదు. అంతటి పనిమంతుడు ఆ బుధవారం పొద్దున్నుంచి కాలుగాలిన పిల్లిలా దుకాణం లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. కూర్చోడు, నిలబడడు. టీ తెప్పించుకుంటాడు, తాగడు.

కారణం దుకాణం ముందరి రేకుల కిందే ఉంది. ఎర్ర కారు. రెండే సీట్లు, వెనక్కి ముడుచుకుపోయే గుడ్డ టాపు. యాభై ఏళ్ల కిందట ఇంగ్లండులో తయారైందట. గద్వాలలో పత్తి మిల్లున్న జగదీశ్ దాన్ని హైదరాబాదులో ఓ పాత బంగ్లా వాళ్ల దగ్గర కొన్నాడు. ఇంజను పని అక్కడే చేయించి, లోపలి పని ప్రభుదాసుకు అప్పజెప్పాడు.

"పాత అందం పోవద్దు, కొత్త సుఖం రావాలె," అన్నాడు. సీట్లలో తుప్పు స్ప్రింగులు పోయి ఫోము రావాలి, బెల్టులు రావాలి, కాళ్ల కింద కార్పెటు, తలుపుల్లో స్పీకర్లు. అన్నిటికీ తలూపాడు ప్రభుదాసు. ఆఖర్న జగదీశ్ డిక్కీ తెరిచి మూడు చుట్టలు దింపాడు.

"సీట్లకు రెగ్జిను కాదు. అసలు తోలు. మద్రాసు నుంచి తెప్పించిన. ఆదివారం హైదరాబాదుల పాత కార్ల ర్యాలీ ఉంది. నీతోని అయితదా, లేకుంటే ఆడనే ఎవరికన్న ఇయ్యాల్నా?"

తోలు అన్నప్పుడే కాదనాల్సింది. కానీ ప్రభుదాసుకు అభిమానం ముందు పుట్టింది, ఆలోచన తర్వాత పుట్టింది. "ఎందుకు కాదు సార్?" అనేశాడు.

పదహారేళ్లప్పుడు అతను ఉప్పునుంతల దగ్గరి సొంతూరు విడిచి వచ్చిందే తోలు వాసన పడలేక. వాసనంటే ముక్కుకు తగిలేది ఒక్కటే కాదు. తండ్రి నాగన్న ఆ ఊరికంతా చెప్పులు కుట్టాడు, బావులకు మోట బొక్కెనలు కుట్టాడు. ఆయన కుట్టిన చెప్పులు దొరల గడప దాకా పోయేవి, ఆయన మాత్రం వాకిలి బయటే. అది చూసి చూసి పారిపోయిన కొడుకు రెగ్జిను పని నేర్చుకున్నాడు, బోర్డు రాయించుకున్నాడు, పేరు తెచ్చుకున్నాడు. తల్లి పోయాక తండ్రిని తెచ్చుకున్నాడు కూడా. బువ్వకు, బట్టకు లోటు చేయలేదు. ఒక్కటే కట్టడి పెట్టాడు: దుకాణం ముందుకు రావద్దు. ఎందుకని ముసలాయన అడగలేదు. ఆరేళ్లుగా దుకాణం వెనకింటి అరుగు మీదే కూర్చుంటున్నాడు.

ఇక తోలు సంగతి. రెగ్జిను పరిచినట్టే పరిచాడు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ముక్క వృథా కాకుండా గీతలు గీశాడు, రెండు తోళ్లు సీట్లకు కోశాడు. డ్రైవరు సీటు కుట్టి బిగిస్తే అద్దంలా మెరిసింది. మంగళవారం సాయంత్రం ఆ ముచ్చటకొద్దీ తానే స్టీరింగు పట్టుకుని అరగంట కూర్చున్నాడు. లేచి చూస్తే కూర్చున్న చోట గుంట. తోలు సాగిపోయి, ముసలి బర్రె మెడలాగా ముడతలు పడింది. ఫోము తప్పేమోనని ఫోము మార్చాడు. పొద్దున కూర్చుని లేస్తే మళ్లీ గుంటే. ఇక మిగిలింది తలుపుల కోసం దాచిన ఒక్క తోలు, నాలుగు రోజుల గడువు.

"పరేషాన్ ఎందుకు? మామను అడుగరాదూ?" అంది భార్య దేవమ్మ సద్ది తెచ్చి ముందు పెడుతూ.

"నాయిననా? నాయినకు కార్ల సంగతి ఏం తెలుసు?"

"కారు సంగతి తెల్వదు. తోలు సంగతి తెల్వదా? పిల్లను సంకల పెట్టుకొని ఊరంత ఎతికినట్టుంది నీ కథ."

ప్రభుదాసు ఆమె మీద కయ్యిమన్నాడు. సద్ది ముట్టలేదు. గంటసేపు కారు చుట్టూ తిరిగి, చివరికి పాడైన తోలు ముక్కను తువ్వాలలో చుట్టుకుని, దొంగసొత్తు మోస్తున్నట్టు వెనకింటికి పోయాడు.

నాగన్న ముక్కను వాసన చూశాడు. రెండు చేతుల్తో అటూ ఇటూ లాగాడు. లాగిన కొద్దీ సాగింది.

"ఏడ కోసినవ్ దీన్ని?"

"అంచుకు."

"అంచంటే పొట్ట గదరా. బరువు మూట బర్రె వీపు మీదేస్తరా, పొట్ట మీదేస్తరా?"

ప్రభుదాసు ముక్కను తన చేతిలోకి తీసుకుని మళ్లీ లాగి చూశాడు.

"పొట్ట తోలు సాగుతది. మనిషి కూసునే తావుల వీపు తోలే ఉండాలె. పొట్టది తలుపులకెయ్. తలుపు మీద ఎవడు కూసుంటడు?" అని ముసలాయన నవ్వి, అంతలోనే నవ్వు ఆపాడు. "సీటు చూడాలె. నేను దుకాణంలకు రావద్దంటివి గదా. ఈడికే తెస్తవా?"

ప్రభుదాసుకు మొహం చెల్లలేదు. అయినా తండ్రిని దుకాణంలోకి రమ్మనలేదు. ఎదురుగా ఆటో స్టాండు, వందలసార్లు తను సీట్లు కుట్టిచ్చిన డ్రైవర్లు. సీటు చట్రాలే ఊడదీసి పెరట్లోకి మోసుకొచ్చాడు.

రెండు పగళ్లు పని సాగింది. నాగన్న పెట్టె అడుగు నుంచి తోలు కోసే రంపె తీశాడు. అరచేత్తో తోలంతా నిమిరి, వీపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గోటితో గీత గీశాడు. ఆయన కోశాడు, కొడుకు మిషను మీద కుట్టాడు. మిషను మోగినంతసేపూ ప్రభుదాసు చెవులు రోడ్డు వైపే ఉన్నాయి, ఎవరైనా పెరట్లోకి తొంగిచూస్తారేమోనని. ముసలాయన మాత్రం పెళ్లికొడుకంత హుషారుగా ఉన్నాడు. అది చూస్తుంటే కొడుకుకు ఇంకా అశాంతిగా ఉంది.

శనివారం మధ్యాహ్నం జగదీశ్ వచ్చాడు. సీట్లో కూర్చున్నాడు, ఎగిరి కూర్చున్నాడు, లేచి చూశాడు. తోలు బిగువుగా యథాస్థానానికి వచ్చేసింది. తలుపు నిమిరాడు, టాపు వేసి తీశాడు. ఆటోవాళ్లంతా కారు చుట్టూ మూగారు.

"హైదరాబాదుల గూడ గిట్ల రాదు. ఏ ఉస్తాదు కోసిండు తోలు?"

ప్రభుదాసు నోరు తెరిచాడు. 'నేనే కోసిన' అనే జవాబు అతను రెండు రోజులుగా వల్లె వేసుకుంటున్నదే. ఈలోగా దుకాణం వెనక తలుపు దగ్గర నుంచి మాట వినిపించింది. చూడకుండా ఉండలేక నాగన్న అక్కడిదాకా వచ్చి నిలబడ్డాడు.

"మావోడే కోసిండు సార్. నాకేం తెల్వదు. నేను ఊకె బువ్వ తిని కూసునేటోన్ని."

ప్రభుదాసు గండం గడిచినట్టే. గడిచినందుకు సంతోషించాలి కదా, ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. తన అబద్ధాన్ని కూడా నాయినే మోస్తున్నాడు.

"కాదు సార్," అన్నాడు. "నేను పొట్ట తోలు కోసి ఖరాబు చేస్తి. మా నాయిన వీపు తోలు చూసి కోసిండు. ఊర్ల చెప్పులు కుట్టెటోడు."

ఆటోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జగదీశ్ హాయిగా నవ్వాడు. కడుపులో ఏమీ పెట్టుకుని కాదు, అలవాటుగా కాలు ముందుకు చాపాడు.

"అట్లనా! అయితే పెద్దాయనా, నా చెప్పు బొటనేలి ఉంగటం తెగేటట్టుంది, జర ఒక కుట్టెయ్యరాదూ?"

నాగన్న వెంటనే వంగి చెయ్యి చాపాడు. ఆ చేతిని ప్రభుదాసు మధ్యలోనే పట్టుకున్నాడు.

"చెప్పులు కుట్టడు సార్ ఇప్పుడు. కారు సీట్లు కోస్తడు."

జగదీశ్ కాలు వెనక్కి తీసుకున్నాడు. "సరే సరే, మంచిది," అని కారెక్కి వెళ్లిపోయాడు. ఆటోవాళ్లు కూడా గుసగుసలాడుకుంటూ స్టాండుకు పోయారు. రేపట్నుంచి వాళ్లలో ఎందరు వస్తారో, ఎందరు వేరే దుకాణం చూసుకుంటారో ప్రభుదాసుకు తెలియదు.

కొడుకు పట్టుకున్న చెయ్యి నాగన్న విడిపించుకోలేదు. రోడ్డు వైపు చూశాడు, దుకాణం గడప వైపు చూశాడు, మెల్లగా అడిగాడు.

"అయితే బిడ్డా, రేపటి సంది నేను ముంగట కూసోవచ్చునా?"

ప్రభుదాసుకు ఏడుపొచ్చింది. ఆటో స్టాండు చూస్తున్నా ఆపుకోలేదు.

"ఇప్పుడే కూసో నాయినా," అన్నాడు.