గొర్రె తొడ కోసిందెవరు

"ఈస్టర్ రోజు నువ్వే ఒప్పుకున్నావు కదా అర్మెల్," అన్నాడు భర్త గ్వెనొలే, రొట్టె మీద వెన్న రాసుకుంటూ.

అర్మెల్ గాలెట్ల కోసం, అంటే పల్చటి అట్ల కోసం, పిండి కలుపుతోంది. శుక్రవారం రాత్రి ఆ ఇంట్లో గాలెట్లు తప్పవు, అవి ఆమె చేయకా తప్పదు. గరిట ఒక్క క్షణం ఆగింది. ఒప్పుకున్నదేమిటంటే, తుంటి విరిగి లేచిన అత్తగారు మారీ-అన్నిక్‌ని ఈ నెలాఖరుకి ఇంటికి తెచ్చుకోవడం, ఆమెను చూసుకోవడానికి అర్మెల్ మందుల దుకాణంలో ఉద్యోగం మానేయడం. పంతొమ్మిదేళ్ళుగా ఆమె నిలబడిన కౌంటర్ అది. సోమవారం రాజీనామా ఇవ్వాలి.

గొర్రె తొడ గుర్తుంది, చిక్కుడు గింజలు గుర్తున్నాయి, వేలికి అంటుకుని రెండు రోజులు వదలని వెల్లుల్లి వాసన కూడా గుర్తుంది. అతను ఈ మాట అనడం మొదలుపెట్టి రెండు వారాలైంది, ఒప్పుకున్న మాట మాత్రం ఎంత తవ్వినా దొరకలేదు. ఇంకెవరైనా అయితే "నేననలేదు" అని తెగేసి చెప్పేది. కానీ ఆమె తల్లి చివరి రోజుల్లో కూతుళ్ళ పేర్లే మరిచిపోయింది. ఆ మరుపు తనలోనూ మొదలైందేమోనని అర్మెల్ భయం. అద్దం ముందు నిలబడి పక్కింటివాళ్ళ పేర్లన్నీ చెప్పుకుని చూసుకుంటుంది. ఈ భయం సంగతి ఆమె చెప్పుకున్నది ఒక్కరికే. గ్వెనొలేకే.

అతను లిసేలో, అంటే పై తరగతుల బడిలో, ఆఖరి ఏడాది పిల్లలకు తత్వశాస్త్రం చెబుతాడు. పెళ్ళికి ముందు, ఓదే నది ఒడ్డున నడుస్తూ, ఆమెకూ చెప్పాడు. ఉన్నదేది, తెలిసిందని ఎలా తెలుసు, ఏది మంచి, ఏది అందం, మాటకు మాట ఎలా ముడిపడాలి. ఇంతే తత్వశాస్త్రమంతా, ఈ ప్రశ్నలు పట్టుకుంటే చాలు అన్నాడు. తనతో ఇంత పెద్ద విషయాలు మాట్లాడిన మగాడు అంతకుముందు లేడు కనక, ఆమె ఆ ప్రశ్నల్నీ అతన్నీ కలిపే ప్రేమించింది. పెళ్ళయ్యాక అవన్నీ ఇంట్లోకి వచ్చి చేరాయి. నడుం నొప్పిగా ఉందంటే, నొప్పి ఉందా, ఉందని అనిపిస్తోందా అని అడిగేవాడు. గిన్నెలు కడగమంటే, "కడగాలి" అన్నది ఎక్కణ్ణించి వస్తుందో ముందు తేల్చాలనేవాడు, తేలేలోపు ఆమే కడిగేసేది. అన్నిటికన్నా "నీకెలా తెలుసు" అన్న ప్రశ్నకే ఎక్కువ పని పడింది. పిల్లలకు అన్నిటినీ అనుమానించమని నేర్పేవాడు ఇంట్లో ఆమెను తప్ప ఇంకేదీ అనుమానించలేదు. తన మాట, తన తీరిక, తన తల్లి అవసరం, వీటిలో దేన్నీ ఒక్కనాడూ ప్రశ్నించుకోలేదు.

"నేనప్పుడు ఏం చేస్తున్నాను?" అని అడిగింది అర్మెల్.

"మాంసం కోస్తున్నావు. కోస్తూనే, అలాగే మానేస్తాలే అన్నావు."

ఆమె గరిట కింద పెట్టింది. ఆ ఇంట్లో ఈస్టర్ నాడు గొర్రె తొడ కోసేది ఎప్పుడూ గ్వెనొలేనే. వాళ్ళ నాన్న కత్తి తీసి, అందరూ చూస్తుండగా, పెద్ద పూజ చేస్తున్నట్టు కోస్తాడు. ఆ మాటే అంటే నవ్వాడు. ఈసారి నువ్వు కోయలేదని నీకెలా తెలుసు అన్నాడు. నిజమే, ఎలా తెలుసు? ఆ రాత్రి గాలెట్లు మాడాయి. కానీ అతని మాట మీద అనుమానం ముల్లులా దిగింది, ఇక ఊడి రాదు.

మర్నాడు శనివారం. సంతలో ఉల్లికాడలు కొనుక్కుని వానలో వస్తుంటే, కాఫీ హోటల్ బయట పలక మీద ఆ రోజు ప్రశ్న కనిపించింది. "జ్ఞాపకాన్ని నమ్మవచ్చా?" అక్కడ ప్రతి శనివారం జరిగే తత్వ చర్చ నడిపేది గ్వెనొలేనే. అది కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం, నీకు విసుగు పుడుతుంది అని ఆమెను ఎన్నడూ రమ్మనలేదు. ఆ వేళకు ఆమె ఎలాగూ సంతలోనో, వంటలోనో ఉంటుంది. అర్మెల్ లోపలికి వెళ్ళి, తడి కోట్లు వేలాడుతున్న మూల, ఉల్లికాడలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గ్వెనొలే అందరి ముందు నిలబడి ఉన్నాడు. ఇంట్లో ఎప్పుడూ వినని సరదా గొంతు.

"నాకు తెలిసిన ఒకాయన చిన్న ప్రయోగం చేశాడు. భార్యతో, ఫలానా పండగ రోజు మాంసం కోస్తూ నువ్వు ఫలానా మాటకు ఒప్పుకున్నావు అన్నాడు. నిజానికి ఆమె ఒప్పుకోలేదు. అసలు ఆ మాటే రాలేదు. రెండు వారాలు తిరిగేసరికి నమ్మేసింది! మరి మనకు తెలుసు అనుకునేవాటిలో ఎన్ని ఇలాంటివి?"

అందరూ నవ్వారు. అది తన కథేనని అర్మెల్‌కి అర్థమైంది. కోపం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది సంతోషం. నాకు మతి పోలేదు. అమ్మ జబ్బు నాకు రాలేదు. ఇన్ని రాత్రుళ్ళు మేలుకున్నది ఇతని సరదా కోసమా అన్న ఆలోచన దాని వెనకే వచ్చింది.

మాట్లాడేవాళ్ళ వంతులు చూసే ముసలావిడ మాత్రం నవ్వలేదు. తర్వాత ఏమైందని అడిగింది.

"ఏముంది, ఆవిడ ఉద్యోగం మానేస్తోంది," అన్నాడు గ్వెనొలే.

చేతులు లేచాయి. అర్మెల్ కూడా, ఉల్లికాడలు కింద పడకుండా పట్టుకుని, చెయ్యెత్తింది. అప్పుడు చూశాడతను. చూపు తిప్పేసుకుని ముందు వరసలోని కుర్రాణ్ణి మాట్లాడమన్నాడు. ముసలావిడ అడ్డుపడింది. ఆ చర్చల్లో మొదటినుంచీ ఉన్న పద్ధతి ఒకటుంది. అప్పటిదాకా నోరు తెరవనివాళ్ళకే ముందు వంతు.

"ఆ అబ్బాయి ఇంతకుముందు మాట్లాడాడు," అంది ముసలావిడ. "కోట్ల దగ్గరావిడ ఇంకా మాట్లాడలేదు. మీ పేరు చెప్పండమ్మా."

అర్మెల్ లేచి నిలబడింది.

"నా పేరు అర్మెల్. గొర్రె తొడ కోసింది ఈయనే. సోమవారం నేను మామూలుగానే కౌంటర్‌కి వెళ్తాను, వాళ్ళమ్మను చూసుకోవడానికి సెలవు పెట్టేది ఈయన."

గ్వెనొలే అలవాటుగా నోరు తెరిచాడు. ఏమడగబోతున్నాడో ఆమెకు తెలుసు.

"నాకెలా తెలుసంటే," అంది, "ఇప్పుడే నువ్వు ఇంతమందిలో చెప్పావు."