ఆ ఇంటి రక్తాన్ని తిప్పినదాన్ని

నేను ఒక సెంట్రిఫ్యూజ్‌ని. నా పేరు నోరు తిరగక చిలకలూరిపేట ల్యాబులో అందరూ నన్ను ‘తిరిగే మిషన్’ అంటారు. రక్తం గొట్టాలను గిర్రున తిప్పి, పైకి తేలిన పసుపు నీటిని వేరుచేయడం నా పని. హర్యానాలోని అంబాలాలో తయారయ్యాను. ఓ కాలేజీలో ఆరేళ్ళు దుమ్ము పట్టి పడివున్నాక టెక్నీషియన్ పద్మజ చేతికి వచ్చాను. ఫలితం తేల్చేది నా పక్కనున్న యంత్రం. అయినా జనం నా మూత వంకే భయంగా చూస్తారు.

ఆర్టీసీ డ్రైవర్ దేవసహాయం అసలు ఇటు చూడనే లేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళ మనిషి. వాళ్ళ నాన్న, అన్న ఇద్దరూ యాభై దాటకుండానే గుండెపోటుతో పోయారు. అన్న భార్య మార్తమ్మే అతన్ని పట్టుబట్టి తీసుకొచ్చింది.

“మా వంశంలోనే ఉంది గదా వదినా. పరీక్ష చేసి ఏం మారుస్తారు?” అన్నాడు.

“మీ అన్న కూడా ఇదే మాటన్నాడు. కూర్చో,” అంది మార్తమ్మ.

అతను కూర్చుని చెయ్యి చాపాడు.

కొలెస్టరాల్ మామూలుగానే వచ్చింది. ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ మాత్రం ఎక్కువుంది. ఏ జలుబో కారణం కావచ్చని రెండు వారాలాగి మళ్ళీ చేశారు. తగ్గలేదు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే ఒక రకం కొవ్వు, లైపోప్రొటీన్-ఎ కూడా హద్దు దాటింది. పుట్టుకతో వచ్చినదాన్ని మార్చలేమనీ, రక్తనాళాల్లో రాజుకుంటున్న వాపును తగ్గించవచ్చనీ డాక్టరు చెప్పాడట. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందని దేవసహాయం అప్పుడు ఒప్పుకున్నాడు. పరీక్షిస్తే గుండెకు రక్తం అందించే ఒక నాళం ముప్పావు వంతు పూడిపోయి ఉంది. స్టెంట్ వేశారు. సిగరెట్లు మానేశాడు. కొన్నాళ్ళు స్టీరింగు వదిలి డిపోలో కూర్చోవడమే అతనికి కష్టమైంది.

ఏడాది తర్వాత అన్న కూతురు ప్రిసిల్లాను తనే వెంటబెట్టుకొచ్చాడు. ఈసారి వెనకాడింది మార్తమ్మ.

“పెళ్ళి కావాల్సిన పిల్ల. ఉందని తేలితే ఎవరు చేసుకుంటారు?”

మరిది విషయంలో అంత అవసరమనిపించిన నిజం కూతురి దగ్గరికొచ్చేసరికి బరువైపోయింది. మనుషులను ఇన్నేళ్ళు చూసిన నాకు అది వింతగా తోచలేదు.

ప్రిసిల్లా చున్నీ సర్దుకుని చెయ్యి చాపింది. ఆమె రక్తాన్ని పది నిమిషాలు తిప్పాను. మర్నాడు కాగితం తనే చదివింది.

“ఉందమ్మా.”

మార్తమ్మ బల్ల మీద కూలబడింది. దేవసహాయం పక్కన కూర్చున్నాడు.

“తెలిసింది గదా వదినా. అన్నకి తెలియలా,” అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత రెండేళ్ళకు నా మోటారు కాలిపోయింది. ఇప్పుడు ల్యాబు వెనక సామాను గదిలో ఉన్నాను. ఏడాదికోసారి గోడ అవతల ప్రిసిల్లా గొంతు వినిపిస్తుంది. మొన్న తన భర్తను కూడా తీసుకొచ్చింది. ముందు ఆయన రక్తం తియ్యమని పద్మజతో అంది.