యర్రమ్మ తెచ్చిన కాగితం

నాకు తెలుగు చదవడం రాదు. అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టి, హిందీలో చదువుకుని ఇక్కడే నర్సునయ్యాను. మాట్లాడమంటే మాత్రం గలగలా మాట్లాడేస్తాను. తెలుగువాళ్లెవరొచ్చినా ఆసుపత్రిలో "పద్మినిని పిలవండి" అంటారు. ఆ పిలుపంటే నాకెంత గొప్పో!

ఆ ఉదయం డిగ్లీపూర్ నుంచి యర్రమ్మ తన భర్త రమణయ్యను జ్వరంతో తీసుకొచ్చింది. ఆయన జబ్బులూ మందులూ మనవరాలి చేత రాయించిన కాగితం నా చేతిలో పెట్టింది. పక్కనే మా సీనియర్ నర్సు కళ దీదీ చూస్తోంది. రాదని చెప్పడానికి నోరు రాలేదు. కాగితం మీద కళ్లు తిప్పి, "ఆ, చదివానమ్మా" అన్నాను. పడని మందులున్నాయా అని అడిగితే గుట్టు బయటపడుతుందని, ఫారంలో "లేవు" అని రాసేశాను. ఛీ, నా మొహం మండ!

సూది వేసిన పది నిమిషాలకే రమణయ్యకు ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడలేదు. డాక్టరును కేకేసి, విరుగుడు ఇంజెక్షన్ వేశాను. గంటకు తేరుకున్నాడు.

మధ్యాహ్నం నర్సులకు శిక్షణ. వచ్చినావిడ, "ఇంత కష్టంలో మీకు ధైర్యం ఎక్కడిది?" అని ఒక్కొక్కరినీ అడిగింది. ఒకరు దేవుడన్నారు, ఒకరు పిల్లలన్నారు.

"పద్మినిని అడగండి మేడమ్. పొద్దున ఒక ప్రాణం నిలబెట్టింది. క్యా హిమ్మత్, ఎంత ధైర్యం!" అంది కళ దీదీ. అందరూ చప్పట్లు. సిగ్గుతో చచ్చిపోయాను. నీళ్లు తాగొస్తానని బయటికొచ్చేశాను.

వరండాలో యర్రమ్మ ఫోనులో అరుస్తోంది. "ఆ సూది పడదని రాయమన్నాను కాదేటే? తాతని సంపీసీదానివి!" నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. "మా వాసవి సేసిన పని సూడు తల్లీ. నువ్వే లేకపోతే ఏటయ్యేదో!"

"ఆ పిల్ల రాసే ఉంటుందమ్మా. నేనే చదవలేదు. నాకు తెలుగు చదవడం రాదు."

ఆమె నా చెయ్యి వదిలేసింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఫోను నాకిచ్చి, "నాకు కాదు, దానికి సెప్పు" అంది.

చెప్పాను. అవతల వాసవి వెక్కిళ్లు ఆగాయి.

"దీదీ, అయితే తాతకి అలా అయింది నా వల్ల కాదా?"

"కాదమ్మా, కాగితం చదవని నా వల్ల" అన్నాను గట్టిగా, హిందీలో, వెనక గుమ్మంలో కళ దీదీ నిలబడి వింటోందని తెలిసీ.