రైలు కప్పు మీద మనిషి

చిన్నారావు ఎర్రరంగు డబ్బాలో కర్ర తిప్పి, పైకెత్తి ధార చూశాడు. తెగకుండా కారింది. వ్యాగన్ మీదైనా, బడిగోడ మీదైనా రంగు అలాగే కారాలి.

బిలాస్‌పూర్ షెడ్డులో ముప్పైనాలుగేళ్లు వ్యాగన్ల మీద నంబర్లు రాశాడు. అన్నీ కట్నీ వైపో కలకత్తా వైపో వెళ్లిపోయాయి. ఆఖరి నెల డ్యూటీ మాత్రం రైల్వే బడిలో పడింది. పిల్లల పాఠం కోసం మెక్సికో ప్రజల చరిత్ర, ఆదినుంచి నేటిదాకా, నలభై అడుగుల గోడ మీద బొమ్మలుగా. కదలని గోడ. సాయంత్రం ఐదింటి సైరనుతో రిటైరు. అప్పటికి పూర్తి కావాలి. తెల్లారితే బొబ్బిలి ప్రయాణం.

మొక్కజొన్న పండించిన తొలి మనుషులు, సరస్సు నడుమ నగరం, గుర్రాల మీద వచ్చిపడ్డ స్పెయిన్ సైనికులు, గంట కొట్టి జనాన్ని లేపిన పాదిరి, మొన్నమొన్నటి భూకంపంలో ఉత్తచేతులతో రాళ్లు తీస్తున్న జనం, అన్నీ అయ్యాయి. ఒక్క మొహం మిగిలింది. విప్లవకాలంలో సైనికుల వెంట రైలు కప్పు మీదే కాపురం చేసిన ఆడమనిషి. టీచరు ఇచ్చిన పుస్తకంలోని ఫొటోలో ఆ మొహం నల్లటి మరక.

"అచ్ఛా, ముసుగు వేసెయ్యండి చిన్నారావుగారూ. ఎవరు చూస్తారు?" అంది చరిత్ర టీచరు హరిప్రియ.

"ఒక్క అంకె తప్పితే వ్యాగనే యార్డు దాటదమ్మా. మొగం లేకండా మనిసేటి దాటుద్ది?"

కుంచె అందుకున్నాడు. చదును ముక్కు వచ్చింది. ఎండకు చిట్లించిన కళ్లు వచ్చాయి. గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు పెట్టాక చెయ్యి ఆగింది. షెడ్డులో ఎవరడిగినా నాన్న గార్డని చెప్పేవాడు. అమ్మ మాట ఎత్తేవాడు కాదు. దాచింది ఆమెనో, తననో!

"ఈ పచ్చబొట్టు పుస్తకంలో లేదే?"

"మాయమ్మది. అప్పయమ్మ. ఈ లైను మీద కంకర మోసీది. నన్ను ఈపున కట్టుకొని," అన్నాడు, వరండా చివరి గదికి వినిపించేలా.

హరిప్రియ దగ్గరికొచ్చి ఆ మొహాన్ని చూసింది. "కింద మీ పేరు రాయండి."

పేరు బదులు చెయ్యి అలవాటైన రాత రాసేసింది. మరమ్మతైన వ్యాగన్ మీద రాసినట్టే ఆనాటి తేదీ, పక్కనే మళ్లీ షెడ్డుకు రావలసిన తేదీ. 31-10-89. 31-10-93.

ఆమె నవ్వింది. "గోడ ఎక్కడికెళ్లి వస్తుందండీ?"

తప్పు తెలిసింది. చెరపబోయి మానుకున్నాడు. "గోడ కాదులే. ఈ బొమ్మల్లో జనం, ఆల్లు ఆగుతారేటి? నాలుగేళ్లలో ఇంకేటేటి సేత్తారో. ఎవుడో ఒకడొచ్చి రాయాల గదా."

సైరను కూసింది. కిరసనాయిలుతో చేతులు తుడుచుకుని, నడుము నిటారుగా పెట్టి, గోడను ఒక కొసనుంచి మరో కొసదాకా ఒక్కసారి చూసుకున్నాడు. గేటు దాటి వెళ్లిపోయాడు.

రాసిన తేదీల పక్కన రెండడుగుల ఖాళీ గోడ. దాని కింద, అతను వదిలి వెళ్లిన, మూత తియ్యని తెల్లరంగు డబ్బా ఒకటి.