మూడు కూతలు

ఆ పొద్దున ఆకాశం మబ్బు పట్టనూ లేదు, తేటపడనూ లేదు. లోయలోంచి లేచిన మంచు వక్కచెట్ల తలల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. దానిపైన బహుళ చవితి చంద్రుడు ఇంటికి పోవడం మరిచినవాడిలా వెలవెలబోతూ నిలబడ్డాడు. భాగీరథి వెనకవాకిట్లోకి వచ్చి తలెత్తి చూసింది. వాన జాడ లేదు. గెలలు కోయొచ్చు.

ఆ ఇంటి వక్కతోటలో మొదటి కోతకు ఒక ఆచారం ఉంది. కోసేవాడు మొదటి చెట్టు తలకెక్కి, కత్తి తీయకముందే మూడుసార్లు "కూ" అని కూత పెట్టాలి. ప్రతి కూతకూ ఇంటావిడ వెనకవాకిట్లోంచి "కూ" అని బదులివ్వాలి. బదులు రాకపోతే కత్తి గెలను తాకకూడదు. చూసి చూసి చుట్టుపక్కల తోటలవాళ్ళూ ఈ ఆచారం పట్టుకున్నారు. పోయినేడు పట్నం నుంచి పేపరువాళ్ళు వచ్చి రాసుకుపోయారు. ఐదొందల ఏళ్ళ కిందట ఈ సీమనేలిన రాణి ఒకావిడ మిరియాల దొంగలను పట్టడానికి పెట్టించిన కట్టుబాటట. భాగీరథి కొడుకు శ్రీపాద అచ్చయిన ఆ కాగితానికి అద్దం కట్టించి వసారాలో వేలాడదీశాడు.

గెలలు కోసే బీర గౌడ, పాదాలకు వేసుకునే తాడు భుజాన వేసుకుని, ఆ అద్దం ముందు నిలబడ్డాడు. యాభై ఎనిమిదేళ్ళవాడైనా చెట్టెక్కితే ఉడతే.

"రాణీ లేదు, గీణీ లేదయ్యా. ఇది పులి సంగతి. మా తాతల నాడు ఈ తోటంతా పులులే. మొదటి కూత పులికి, నేనొచ్చాను తప్పుకోవే అని. రెండోది అడవి దేవరకి. మూడోది ఇంట్లో అమ్మకి, ఇంకా బతికే ఉన్నానని."

"చదువుకున్నవాళ్ళు రాశారు బీరా. పేపర్లో పడింది," అన్నాడు శ్రీపాద.

"పులి పేపరు చదవదు గదయ్యా."

కోడలు సుమంగల పకపకా నవ్వింది. భాగీరథీ నవ్వింది, చప్పుడు లేకుండా. శ్రావణంలో ఆసుపత్రిలో ఆమె గొంతులోని పుండుతో పాటే మాటనూ కోసి తీసేశారు. అప్పటినుంచీ మెడకు తెల్లటి నూలుగుడ్డ, చంకన చిన్నపిల్లల పలక. దానిమీద రోజూ రాసేవి చిన్న మాటలే. ఉప్పు చాల్లేదు. ఆవును నీడకు కట్టు.

"ఈసారి బదులు సుమంగల ఇస్తుందిలే. ఐదొందల ఏళ్ళ ఆచారం మన చేతిలో ఆగకూడదు," అన్నాడు శ్రీపాద.

"నా కూత వింటే పులి నవ్వి చస్తుంది," అంది సుమంగల.

"చావనీ చిన్నమ్మా, పీడా పోతుంది," అన్నాడు బీర గౌడ.

భాగీరథి పలక మీద "నేను" అని రాసి చూపించింది. శ్రీపాద చదివాడు. "ఎలాగమ్మా?" అన్నాడు మెల్లగా. ఆమె అరచేత్తో చెరిపేసింది.

ఐదొందల ఏళ్ళు కాదు, నలభై ఆరు. ఆ లెక్క తెలిసినవాళ్ళలో అత్తగారు పోయాక మిగిలింది తనొక్కతే.

అప్పుడు ఆమె పదిహేడేళ్ళ కొత్తకోడలు. గెలలు కోసేది బీర గౌడ తండ్రి హొన్న గౌడ. ఒక పొద్దున ఆమె వెనకవాకిట్లో బియ్యం కడుగుతుంటే తోట అడుగునుంచి "కూ" అని వినబడింది. కోతులను తోలడానికి తోటల్లో పొద్దస్తమానం ఎవరో ఒకరు అలా కూస్తూనే ఉంటారు. కోతులొచ్చాయేమో అనుకుంది. మళ్ళీ వినబడింది. ఈసారి కూత చివర కాస్త సాగింది. తమాషాగా అనిపించి, తనూ "కూ" అందామని నోటిదాకా తెచ్చుకుంది. కొత్తకోడలు గొంతెత్తితే ఏమనుకుంటారోనని మింగేసింది. మూడోది సన్నగా వచ్చింది. ఆమె కడుగునీళ్ళు కుడితిలో వంచి లోపలికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం గంజికి రాలేదేమని చూడబోతే, హొన్న గౌడ చెట్టు మీంచి పడి, మొదట్లోనే చల్లబడి ఉన్నాడు.

ఆ సంగతి అత్తగారొక్కదానికే చెప్పుకుని ఏడ్చింది. మరుసటేడు అత్తగారు కొత్తగా వచ్చిన కోతగాడికి, పులుల నాటి ఆచారమనీ, తన పుట్టింటి వైపు ఉందనీ చెప్పి మూడు కూతలు పెట్టించింది. కోడలి వైపు తిరిగి, "పలుకు," అంది. అంతే. బీర గౌడ పెరిగి తండ్రి తాడు పట్టాక, ఆ పులికి ఏటికేడు చారలు ఎక్కువయ్యాయి.

బీర గౌడ ఎక్కాడు. మంచులో అతని పాదాలు కూడా కనబడలేదు. కూత వచ్చింది. సుమంగల నోటికి చేతులడ్డం పెట్టుకుని గట్టిగా బదులిచ్చింది. మంచి గొంతే. చిలకలు లేచిపోయాయి. కానీ భాగీరథి మనసు ఒప్పలేదు. ఆ బదులు ఎవరికి చేరాలో ఈ పిల్లకు తెలియదు. రాణికిస్తోంది, పులికిస్తోంది. ఆమె కోడలి భుజం మీద చేయి వేసి ఆపి, చేతికర్ర తీసుకుని తోటలోకి దిగింది.

రెండో కూతకు బదులు లేదు. కింద కర్ర చప్పుడు విని బీర గౌడ జరజరా దిగొచ్చాడు.

"ఏందమ్మా ఈ మంచులో? మీరు జారిపడితే అయ్య నన్ను కోతిని తోలినట్టు తోలతాడు."

ఆమె చెట్టుకు ఆనుకుని రాసింది. ఒకవైపు చాలక పలక తిప్పి రెండోవైపూ రాసింది. బీర గౌడది నాలుగో తరగతి చదువు. వేలుపెట్టి కూడబలుక్కున్నాడు.

"మీ నాన్న... పిలిచాడు. నేను విన్నాను. కోతులను... తోలుతున్నాడనుకున్నాను." తిప్పాడు. "పలకలేదు. ఈ ఆచారం... అందుకే. పులి లేదు."

మళ్ళీ మొదటినుంచి చదివాడు, ఈసారి లోలోపల.

"మా అమ్మ చెప్పేది, పడగానే పోయాడని. నొప్పి కూడా తెలీలేదని."

భాగీరథి తల వంచుకుంది.

"ఎన్నిసార్లు పిలిచాడమ్మా?"

మూడు వేళ్ళు చూపింది.

"మూడు," అన్నాడు. తాడును రెండు చేతులా మెలిపెట్టాడు. "అందుకా, మూడు."

ఆమె ముఖం చూడలేదు. పలక చేతికిచ్చి, పాదాలకు తాడు వేసుకుని ఎక్కిపోయాడు. కూయకుండానే గెల కోసేస్తే అదీ న్యాయమే అనుకుంది భాగీరథి. కత్తి చప్పుడు కోసం చెవులొగ్గి నిలబడింది. చాలాసేపు ఏమీ వినబడలేదు. ఆకుల మీంచి మంచునీళ్ళు టపటపా రాలుతున్నాయి.

"కూ."

ఏనాడూ లేనంత తగ్గుగొంతు. అడవికి వినిపించే కూత కాదు, పక్కగదిలో మనిషిని పిలిచినట్టుంది. భాగీరథి కర్ర కింద పడేసి రెండు చేతులూ గట్టిగా చరిచింది.

"వినబడిందమ్మా," అన్నాడు పైనుంచి.

రెండోది పిలిచాడు. చరిచింది. మూడోదానికి అరచేతులు మండిపోయాయి, ఆపకుండా చరుస్తూనే ఉంది. అప్పుడు కత్తి కదిలింది. పసుపు తిరిగిన గెల తాడు మీద జారుతూ కిందికి వచ్చింది.

మధ్యాహ్నం శ్రీపాద అడిగాడు. "ఏం రాసింది బీరా అమ్మ, అంత సేపు?"

"మా వయసోళ్ళ మాటలయ్యా. మీకెక్కవులే."

కోతగాడికి ఎప్పుడూ బయటి అరుగు మీదే ఆకు వేస్తారు, ఇంటివాళ్ళు లోపల తింటారు. భాగీరథి రెండు అరిటాకులు తెచ్చి అరుగు మీద ఎదురెదురుగా పరిచి, ఒకదాని ముందు తను కూర్చుంది. సుమంగల అత్త ముఖం చూసి, ఏమీ అడక్కుండా రెండింట్లోనూ ఎర్రబియ్యం అన్నం, సరస్వతి ఆకు నూరి పెరుగులో కలిపిన తంబుళి, మామిడిపిందె ఊరగాయ వడ్డించింది. శ్రీపాద గుమ్మంలో కాసేపు తటపటాయించి, తన ఆకూ అక్కడికే తెచ్చుకున్నాడు.

బీర గౌడ గబగబా తినే మనిషి. ఇవాళ ఆమె ఒక్కో ముద్దా కష్టపడి మింగుతుంటే, ఆ ముద్ద దిగేదాకా తనూ చేయి ఆపుకుని, ఆమెతో పాటే తర్వాతి ముద్ద కలిపాడు.