తోసే తుపాకీ

రబ్బరు దిండుకు రెండో మర బిగించి, అర్మాస్ భుజానికి ఆనే తుపాకీ మడమ మీద బొటనవేలితో రాసి చూశాడు. ఎక్కడా అంచు తగల్లేదు. దుప్పివేట దగ్గర పడింది. కైనూ జిల్లాలో ప్రతివాడికీ ఇప్పుడే భుజంనొప్పి గుర్తొస్తుంది. ఏడాదంతా ఏం చేశార్రా అని అర్మాస్ ఎవర్నీ అడగడు. ఆయన నోట్లోంచి మాట రావాలంటే కాఫీ అయినా పొయ్యాలి, తుపాకీ అయినా పేలాలి.

పొడుగు మనిషి. చేతులకు ఎప్పుడూ అవిసెనూనె వాసన. ఎడమ భుజం కుడిదానికంటే కాస్త దిగి ఉంటుంది. ఆయన పనిచేసే తుపాకుల దుకాణంలో బాగుచేసిన ప్రతి తుపాకీ దెబ్బనూ మొదట తిన్నది ఆ భుజమే. ఏ కొలత తూటా తుపాకీ ఎంత తన్నుతుందని ఎవరైనా అడిగితే, "ఆరున్నరా? దూడ మూతితో పొడిచినట్టుంటుంది. త్రీ నాట్ ఎయిట్ అయితే, తాగిన స్నేహితుడు భుజం చరిచినట్టు. మూడొందల మాగ్నమ్ అంటావా, గాలికి తలుపొచ్చి మీద పడ్డట్టే" అనేవాడు. తొమ్మిది పాయింట్ మూడు దగ్గరికొచ్చేసరికి మాత్రం, "అది తోస్తుంది" అని ఊరుకునేవాడు.

ఆ తోపుడు ఆయనకు బాగా తెలిసినది. భార్య లెంపి మంచంలో ఆయనకు ఎడమపక్కన పడుకునేది. గురక పెడితే నిద్రలోనే అరచెయ్యి భుజానికి ఆనించి నెమ్మదిగా, బరువుగా తోసేది. లెంపి పోయాక ఎంత గురక పెట్టినా అడిగే దిక్కు లేదు. ఏటా వేటలో దుప్పి ఎదురుపడ్డప్పుడు, ఆయన సొంత తొమ్మిది పాయింట్ మూడు ఒక్కసారి అలాగే తోసేది. ఏడాదికి ఆ ఒక్కటీ చాలనుకునేవాడు, పిచ్చిమనిషి.

మొన్నటి వసంతంలో ఆసుపత్రిలో గుండెను నడిపే చిన్న యంత్రం పెట్టారు. చాలామందికి పెట్టినట్టే ఎడమ కాలరెముక కింద. "చెప్పాల్సిందేమైనా ఉందా?" అని డాక్టరు ముందే అడిగాడు. "ఏం లేదు" అన్నాడు. తనది ఎడమచేతివాటం, తుపాకీ ఆనేది ఆ భుజానికే. అంత పనిలో ఉన్న డాక్టరుకు అదొక చెప్పే విషయంగా ఆయనకు తోచలేదు. ఇంటికి పంపేటప్పుడు నర్సు హెచ్చరించింది, ఇక ఆ వైపు తుపాకీ ఆనించకూడదని, ఒక్కసారి కూడా. "అలాగే" అన్నాడు. దుకాణం యజమాని యల్మారికి కూడా చెప్పలేదు. కుడి భుజంతో అవస్థపడి పేలుస్తూ నెట్టుకొస్తున్నాడు.

గురువారం కాబట్టి, అక్కడ అందరిళ్లలోలాగే, మధ్యాహ్నం బఠాణీ పులుసు. ఇద్దరూ తింటుండగా ఓర్వొక్కి వచ్చింది. పాలబండి నడిపే పొట్టి మనిషి, నోరు మాత్రం పెద్దది. ఈ ఏడే ఊరి వేటబృందంలో చేరింది. శనివారం గురి పరీక్ష.

"మావాళ్లంతా పళ్లికిలిస్తున్నారు పెద్దాయనా! అరువిచ్చేవన్నీ కుడిచేతి తుపాకులే. నాదేమో ఎడమ చెయ్యి. భుజం చూడు, నేరేడుపండైపోయింది!"

"ఎడమచేతివి ఈ చుట్టుపక్కల దొరకవమ్మాయ్," అన్నాడు యల్మారి పులుసు జుర్రుకుంటూ. "ఈ ముసలాయనదొక్కటే ఉంది. అడిగావంటే చంపేస్తాడు."

అర్మాస్ చెంచా కింద పెట్టాడు. లేచి వెనకగదిలో ఇనపబీరువా తెరిచి తన తొమ్మిది పాయింట్ మూడు తీశాడు.

దుకాణం వెనకాల కంకర గోతిలో ఓర్వొక్కి ఆ తుపాకీ ఎత్తింది. పేలింది. ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

"ఎలా తన్నింది?" అన్నాడు అర్మాస్.

"తన్నలేదే!" ఆమె ఆశ్చర్యంగా భుజం తడుముకుంది. "తోసిందంతే. మా ఆయన గురకపెడుతుంటే 'అటు జరగవయ్యా' అని తోస్తాను చూడు, అచ్చం అలా!"

పకపకా నవ్వింది. అర్మాస్ కూడా నవ్వబోయాడు గానీ పెదవులు మాట వినలేదు. గాలి ఎక్కువగా ఉందంటూ మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"తోస్తూనే ఉండు. మానకు."

"ఎవర్ని?"

"మీ ఆయన్ని." తుపాకీ వైపు చూపించి, "ఇది నువ్వు తీసుకో" అన్నాడు.

"అయ్యో, మరి నీకు?"

అర్మాస్ ఎడమ కాలరెముక మీద వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ యంత్రం పెట్టారు. ఇక ఏదీ తొయ్యకూడదట."

వెనకే నిలబడ్డ యల్మారి మొహం పాలిపోయింది. "ముందే ఏడవొచ్చుగా, మొండిఘటం! ఇన్నాళ్లూ నాకోసం పేలుస్తూ వచ్చావా?"

"నువ్వు అడగలేదు."

తుపాకీ ఆమె చేతికి మరీ పొడుగు. మడమ కొయ్యాలి. "నేను కోస్తాలే, నువ్వు కూర్చో" అని యల్మారి రంపం అందుకోబోయాడు. అర్మాస్ ఇవ్వలేదు. మూడువేళ్ల వెడల్పున గీత గీసి తనే కోశాడు. మధ్యలో ఒకసారి ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టాడు. తెగిన కొసకు కొత్త దిండు బిగించి, నూనె రాసి ఆమె చేతికిచ్చాడు. ఆమె ఆనందం పట్టలేక ఆయన బుగ్గ మీద ముద్దు పెట్టింది. బండి మలుపు తిరిగేదాకా హారన్ కొడుతూనే పోయింది.

సాయంత్రం అర్మాస్ రంపప్పొట్టు ఊడ్చాడు, మరలన్నీ డబ్బాలో వేశాడు. "రేపొస్తా" అన్నాడు రోజూలాగే.

మర్నాడు కాఫీ చల్లారిపోయినా రాలేదు. యల్మారి ఇంటికి వెళ్లాడు. తలుపు తీసే ఉంది. అర్మాస్ మంచంలో కుడి అంచుకు పూర్తిగా జరిగి, కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. ఒళ్లు ఎప్పుడో చల్లబడింది. ఎడమపక్కనంతా చోటు వదిలేశాడు. అక్కడ లెంపి దిండు మీద, ఆయన భుజానికి ఆనీ ఆనీ నల్లబడి నున్నబడ్డ వాల్‌నట్ చెక్క మడమ ముక్క ఉంది, మూడువేళ్ల వెడల్పుది.